అష్టభుజి చేతులు విప్పిన సంగతి

నమోదు 1. సోమవారం

యంత్రం ఆగిన ప్రతిసారీ సంఘటన వివరాన్ని "ముప్పై మాటలకు మించకుండా" ఈ పుస్తకంలో రాయాలని జలమండలి వారి కొత్త ఉత్తర్వు. ఆ ముప్పై అనే అంకె ఎవరి బుర్రలో పుట్టిందో తెలియదు. ఆయనకి మాత్రం చేతిలో రెండు సూదులతో నాలుగు గంటలు కదలకుండా కూర్చునే అవసరం ఎన్నడూ వచ్చి ఉండదు. నేను ఎన్ని మాటలు పడితే అన్ని రాస్తాను. చదివే ఓపిక లేకపోతే మానెయ్యండి. ఎలాగూ చదవరు.

నా పేరు ముంగర నాంచారమ్మ. కొల్లేటి మూడో తెప్పలవాడలో వైద్య తెప్ప మీద డయాలసిస్ టెక్నీషియన్ని. యంత్రం ఒకటి, రోగులు నలుగురు. సముద్రం లోపలికొచ్చి కొల్లేటిని కలిపేసుకున్నాక మా ఇళ్ళన్నీ డ్రమ్ముల మీదే తేలుతున్నాయి. ఆటుపోట్లకు లేచి దిగాలి కాబట్టి ఒక్కో తెప్పకి ఒక్కటే గొలుసు. గాలి ఎటు తిప్పితే తెప్ప అటు తిరుగుతుంది. అందువల్ల ఇక్కడికి కేబులు రాదు. నెట్ కావాలంటే గట్టు మీది టవర్ల నుంచి గాలిలో రావాల్సిందే.

ఈ యంత్రానికి సొంత బుద్ధి లేదు. నిమిషానికోసారి గట్టు మీద ఉన్న కిడ్నీ కేంద్రాన్ని "కొనసాగించనా?" అని అడుగుతుంది. కేంద్రం "ఊఁ" అనాలి. మూడు నిమిషాలు ఆ "ఊఁ" రాకపోతే నెత్తురంతా మనిషి ఒంట్లోకి తిప్పి పంపేసి, ఆ రోజుకి తాళం వేసుకుంటుంది. మళ్ళీ తెరవడం నా చేతిలో లేదు, దేవుడి చేతిలోనూ లేదు.

ఈరోజు పన్నెండింటికి వనజాక్షిని కూర్చోబెట్టాను. ఆమెకి ముప్పై తొమ్మిదేళ్ళు, రెండు కిడ్నీలూ పనిచేయడం మానేసి మూడేళ్ళు. బరువు చూశాను. తెప్ప ఊగుతుంది కాబట్టి తూకం ముల్లు నిలబడదు. మూడుసార్లు చూసి నడిమి అంకె రాసుకుంటాను. ఒంట్లో రెండున్నర కిలోల నీరు ఎక్కువ ఉంది. ఒంటిగంటా నలభైకి నెట్ పోయింది. మూడు నిమిషాలు అయ్యాయి. యంత్రం ఆగింది.

"ఏంటొదినా, మళ్ళీ అలిగిందా?" అంది వనజాక్షి.

"అలగడానికి దానికి మొగుడా?" అన్నాను.

సూదులు తీసి, దూది అదిమి పట్టాను. నాలుగు గంటల పని గంటా నలభై నిమిషాల్లో ముగిసింది. సంఘటన వివరం సమాప్తం.

నమోదు 2. బుధవారం

ఒంటిగంటా ఇరవై ఐదుకి పోయింది. సహాయ కేంద్రానికి ఫోను చేశాను. తేనె పూసిన గొంతుతో ఒక అమ్మాయి, "రౌటరు ఆపి మళ్ళీ వేశారా మేడమ్?" అంది. వేశానన్నాను. "మరోసారి వేస్తారా?" అంది. ఇప్పటికి ఎనిమిదిసార్లు వేశానన్నాను. "రౌటరు దగ్గర గోడ ఏదైనా ఉందా మేడమ్?" అంది. గది అన్నాక గోడలుండవా తల్లీ అని అడిగాను. మీ సమస్య నమోదైందని చెప్పి పెట్టేసింది. సమస్య నమోదు చేసుకోవడం ఈ దేశంలో ఎవరికీ ఇంతవరకూ కష్టమైన పని కాలేదు.

సాయంత్రం వాడ ప్రెసిడెంటు మోరు విశ్వపతి గారు పడవ దిగి వచ్చారు. తెల్ల లాల్చీ వేసుకుని, చెమట పట్టకుండా నీళ్ళ మీద బతకడం ఒక్క ఆయనకే చేతనవును.

"నాంచారమ్మా, ఇంక నువ్వు దిగులు పడక్కర్లేదు. అష్టభుజి వస్తోంది" అన్నారు.

"అదేంటండీ?"

"రౌటరు! ఎనిమిది యాంటెన్నాలు. మొత్తం కొల్లేట్లో మనకే మొదటిది."

"నాలుగు గంటల్లో అది ఎన్నిసార్లు పడిపోద్దండీ?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. చంటిపిల్ల చందమామని పట్టివ్వమంటే చూసే చూపు అది.

నమోదు 3. శుక్రవారం

ప్రారంభోత్సవం కారణంగా వనజాక్షిని అరగంట ఆలస్యంగా కూర్చోబెట్టాల్సి వచ్చింది. రిబ్బను కత్తిరించాలట.

అష్టభుజి నిజంగానే ఎనిమిది చేతులతో ఉంది, వెల్లకిలా పడ్డ పీతలాగా. దాన్ని తెచ్చిన అమ్మకాల మనిషి పేరు నిఖిలేష్. గట్టు మీద నుంచి వచ్చాడు కాబట్టి తెప్ప ఊగినప్పుడల్లా బల్లని పట్టుకుంటూ మాట్లాడాడు. దీని వేగం తొమ్మిది వందలట. ఒకేసారి రెండొందల మంది సినిమా చూడొచ్చట. ఏ టవరు బాగుంటే ఆ టవరుకి దానంతట అదే మారిపోతుందట.

"ఈ గదిలో ఎవరూ సినిమా చూడరు. మా యంత్రం నిమిషానికో ముక్క అడుగుద్ది, ఒక ముక్క వింటది. అంతే. వేగం నాకొద్దు. తెగకుండా ఉంటదా?" అని అడిగాను.

"మేడమ్, దీనికి అయిదు నక్షత్రాల రేటింగు వచ్చింది."

"ఆ నక్షత్రాలు ఇచ్చినవాళ్ళు తెప్పల మీద ఉంటారా?"

అతను ప్రెసిడెంటు గారి వైపు చూశాడు. ఆయన నవ్వారు. ఇద్దరూ కలిసి పెట్టెని అద్దాల బీరువాలో పెట్టించారు. బీరువా మీద ఇత్తడి ఫలకం, దాని మీద ప్రెసిడెంటు గారి పేరు. బీరువా ఉన్నది గది నడిమధ్యలో. గదికి నాలుగు వైపులా జింకు రేకులు, పైన కూడా జింకు రేకే. టవరు నుంచి వచ్చే సిగ్నలు ఇన్ని రేకులు దాటి లోపలికి దూరి, ఫలకం చదువుకుని, అప్పుడు పెట్టెలోకి వెళ్ళాలి.

పెట్టె నంబరుని కిడ్నీ కేంద్రంలో నమోదు చేయించారు. ఇక మీదట ఆ నంబరున్న పెట్టె ద్వారా వస్తేనే కేంద్రం మా యంత్రానికి బదులిస్తుంది. దాన్ని మార్చాలంటే ప్రెసిడెంటు సంతకం కావాలి.

వనజాక్షికి ఈరోజు రెండు గంటలా పది నిమిషాలు నడిచింది. వచ్చినవాళ్ళందరికీ కొబ్బరినీళ్ళు ఇచ్చారు. కొబ్బరినీళ్ళు ఆమె పాలిట విషం. అందులోని పొటాషియానికి గుండె ఆగిపోతుంది. అందరూ తాగుతుంటే ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది.

నమోదు 4. సోమవారం

నెట్ ఐదుసార్లు తెగింది. నాలుగుసార్లు గడువులోపు తిరిగొచ్చింది. ఐదోసారి రాలేదు.

నేను బీరువా ముందు కుర్చీ వేసుకుని ఆ పెట్టె దీపాల్నే చూస్తూ కూర్చున్నాను. దాని గుణం ఇప్పుడు అర్థమైంది. అది నిలకడ లేని ఆబగొట్టు. పైరగాలికి తెప్ప కొంచెం తిరుగుతుంది. అటువైపు టవరుకి ఒక గీత ఎక్కువ కనిపిస్తుంది. వెంటనే ఉన్నదాన్ని వదిలేసి దానికోసం గెంతుతుంది. ఒక్కో గెంతుకి రెండు నిమిషాలు. గెంతిన చోట కుదురుకునేలోగా తెప్ప మళ్ళీ తిరుగుతుంది. ఇది మళ్ళీ వెనక్కి గెంతుతుంది. రెండు గెంతులు వరసగా పడ్డాయంటే మూడు నిమిషాల గడువు దాటిపోయినట్టే.

పోయిన వారం పన్నెండు గంటలు జరగాల్సిన మనిషికి ఆరు గంటలు కూడా జరగలేదు. వనజాక్షి పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. మెట్లెక్కితే ఆయాసం. గట్టు మీది ఆసుపత్రికి పంపుదామంటే పడవలో ఐదు గంటల ప్రయాణం, అక్కడ నలభై మంది వరస.

"పడుకుంటే ఊపిరి అందట్లేదొదినా. కూర్చునే నిద్రోతన్నాను" అంది.

మధ్యాహ్నం మంచినీళ్ళ పడవ వచ్చింది. దాన్ని నడిపే లాజరు బాబాయికి అరవై దాటాయి. ట్యాంకులోకి గొట్టం పెట్టి, గట్టున ఉన్న కూతురుతో వీడియోలో మాట్లాడుతూ కూర్చున్నాడు. మా గదిలో నెట్ చచ్చిన ఆ ఇరవై నిమిషాలూ ఆయన కూతురు బొమ్మ చెక్కుచెదరలేదు. పడవ ఊగుతోంది, తిరుగుతోంది. బొమ్మ మాత్రం నిలబడే ఉంది.

నేను రెండు పనులు మానుకుని గుమ్మంలో నిలబడి అదే చూశాను.

"బాబాయ్, నీ పడవలో ఏముంది?"

ఆయన మా బీరువా వైపు తొంగి చూసి, పెదవి విరిచాడు. "అది లేదమ్మాయ్" అన్నాడు.

నమోదు 5. మంగళవారం

ఈరోజు నాకు సెలవు. లాజరు బాబాయి పడవలో గడిపాను.

ఆయన పడవలో ఉన్నవి అరచేతిలో పట్టే పాత రౌటర్లు రెండు. మూతలు పగిలితే సైకిలు ట్యూబుతో చుట్టాడు. వాటి యాంటెన్నాలు మాత్రం లోపల లేవు. వెదురు గడ కొసన, నెత్తికి రెండు బారల పైన ఉన్నాయి. అక్కణ్ణించి వైరు కిందికి దిగుతుంది. ఏ దిక్కుకి తిరిగినా ఒకేలా అందుకునే గుండ్రటి కడ్డీలవి.

"ఒక దిక్కే సూసే యాంటెన్నా పెడితే సిగ్నలు ఇంకా బాగా వత్తది కదా?" అని తెలివిగా అడిగాను.

"వత్తది. తెప్ప తిరిగిందాకా వత్తది" అన్నాడు. ఆయన నా తెలివిని చెంబుడు నీళ్ళలా పక్కన పారబోశాడు. నేనేమీ అనుకోలేదు.

రెండు రౌటర్లూ వేర్వేరు కంపెనీల సిమ్ములతో వేర్వేరు టవర్లకి కట్టి ఉన్నాయి. గెంతడం అనేది లేదు. దాన్ని ఆయన ఆపేశాడు. ముందు పనిచేసేదాన్ని పెద్దది అంటాడు, ఆసరాగా ఉండేదాన్ని చిన్నది. పెద్దది పడిపోతే పది సెకన్లలో చిన్నది అందుకుంటుంది. పెద్దది లేచినా ఆ రోజుకి మళ్ళీ దానికి మారదు. అటూ ఇటూ ఊగడమే దీనికి జబ్బంటాడు. రెండింటికీ ఒకే చిన్న బ్యాటరీ.

ఇద్దరం ఆ గడ పట్టుకుని వైద్య తెప్ప కప్పు మీదికి ఎక్కాం. మూడు కంపెనీల సిమ్ములు వేసి, ఒక్కోదాన్నీ పొద్దున్నా మధ్యాహ్నమూ సాయంత్రమూ చూశాం. నేను వేగం అసలు రాయలేదు. ఎన్నిసార్లు తెగిందీ, ఎంతసేపు తెగిందీ అంతే రాశాను. ఉప్పుదిబ్బ టవరుకి గీతలన్నీ నిండుగా ఉన్నాయి. పొద్దున దానంత మంచిది లేదు. ఒంటిగంటా పదిహేను అయ్యేసరికి కుప్పకూలిపోయింది.

"ఏటయింది బాబాయ్?"

"టైమెంత?"

చెప్పాను.

"చేపల వేలం మొదలైద్ది. అన్ని వాడలోళ్ళూ ఫోన్లలో వేలం పాడతారు. ఆ టవరు మీదే. మూడింటిదాకా అంతే."

మూడేళ్ళుగా రోజూ మధ్యాహ్నం నేను ఈ గదిలోనే ఉన్నాను. వేలం అరుపులు పక్క తెప్పల నుంచి రోజూ వింటూనే ఉన్నాను. ఒక్కసారైనా ఈ రెండింటినీ కలిపి చూడలేదు. సహాయ కేంద్రం అమ్మాయిని తిట్టినన్ని తిట్లు ఇక్కడ నాకూ దక్కాలి కాబట్టి రాస్తున్నాను.

పాత రైలుగట్టు మీద ఇంకో టవరుంది. దాని సిగ్నలు రెండు గీతలే. ఎవరూ దాని మొహం చూడరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ రెండు గీతలూ అలాగే ఉన్నాయి. ఒక్కసారి తెగింది, పదకొండు సెకన్లు.

"ఇదే" అన్నాను.

"ఎంత బలవుందని కాదమ్మాయ్, ఎంతసేపు నిలబడుద్దని సూసుకోవాల" అన్నాడు, గడ విప్పుతూ.

నమోదు 6. బుధవారం

మార్పు కాగితం తీసుకుని ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్ళాను. అష్టభుజి బదులు రెండు చిన్న రౌటర్ల నంబర్లు నమోదు చేయించమన్నాను.

"సైకిలు ట్యూబు చుట్టినవా?" అన్నారు.

"అవునండీ."

"జలమండలి ఛైర్మన్ గారు వచ్చే నెల చూడ్డానికి వస్తున్నారు. వైద్య తెప్ప మీద వెదురు గడ కట్టమంటావా?"

"కట్టమంటానండీ."

ఆయన సంతకం పెట్టలేదు. సరే, ఈరోజు వచ్చి ఒక్కసారి వనజాక్షి పక్కన కూర్చోండి, మీ పెట్టె ఎలా పనిచేస్తుందో మీరే చూసుకోండి అన్నాను. ఆయన వచ్చారు. నిజం రాయాలి, రావడానికి వెనకాడలేదు. అష్టభుజి మీద ఆయనకి నిజంగానే నమ్మకం ఉంది. అదే ఆయన జబ్బు.

ఒంటిగంటా నలభై రెండుకి అలారం మోగింది. తెర మీద అంకెలు తిరగడం మొదలైంది: మూడు నిమిషాలు, రెండు యాభై, రెండు నలభై.

"ఏమైంది? ఏమైంది?" అన్నారాయన లేచి నిలబడి.

"ఏం కాలేదండీ. గెంతుతోంది. కదిలించకండి, రావచ్చు" అన్నాను.

ఆయన వినలేదు. బీరువా తెరిచారు. కళ్ళద్దాలు పైకి తోసుకుని, బొత్తాం వెతికి పట్టుకుని, ఆపి మళ్ళీ వేశారు. అది మళ్ళీ నిద్రలేవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ సంగతి దాని పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. యంత్రం నెత్తురు తిప్పి పంపేసి తాళం వేసుకుంది.

వనజాక్షి కళ్ళు మూసుకుని వింటోంది. మెల్లగా అంది, "ప్రెసిడెంటు గారూ, ఆ బొత్తాం నొక్కిన సెయ్యి మీదేనా?"

ఆయన లాల్చీ మీద మొదటిసారి చెమట చూశాను. పడవెక్కి వెళ్ళిపోయారు. కళ్ళారా చూసిన మనిషి ఇప్పుడైనా సంతకం పెడతారని సాయంత్రం దాకా ఎదురుచూశాను. సాయంత్రం ఆయన నుంచి ఒక కాగితం వచ్చింది. టవరు కంపెనీకి ఆయన రాసిన ఘాటైన ఉత్తరం నకలు. నాకు సమాచారం నిమిత్తమట.

నమోదు 7. శుక్రవారం

ఈ కింద రాసేది నేరం. నమోదు కాని పరికరాన్ని వైద్య యంత్రానికి కలపకూడదు. తెలిసే చేశాను.

ఆలోచన లాజరు బాబాయిది. కేంద్రానికి కావాల్సింది అష్టభుజి నంబరే కదా అన్నాడు. అయితే అష్టభుజిని ఉండనిద్దాం, దానికి గాలిలోంచి అందుకునే పని తప్పిద్దాం. దాని వెనక వైరు గుచ్చుకునే కన్నం ఒకటుంది. గడ కింద పెట్టిన రౌటర్ల వైరు అందులో పెడితే చాలు. సిగ్నలు తెచ్చేది మన చిన్న రౌటర్లు. అష్టభుజి దాన్ని ఇంకో వైరు ద్వారా యంత్రానికి అందిస్తూ బీరువాలో కూర్చుంటుంది. పెళ్ళిలో పెద్దమనిషిలా.

పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం. ఒక రౌటరు లాజరు బాబాయి దగ్గర అదనంగా ఉన్నది. రెండోది మా ఇంట్లోది. ఇక మా ఇంట్లో నెట్ లేదు, పర్వాలేదు. గడ కప్పు వెనక వైపు కట్టాం. రైలుగట్టు టవరుది పెద్దది, ఉప్పుదిబ్బ టవరుది చిన్నది. అష్టభుజి సిమ్ము తీసేశాను. అయినా అది అలవాటు కొద్దీ టవర్లు వెతుక్కుంటూ దీపాలు ఆర్పుతోంది, వెలిగిస్తోంది. దాంతో ఒక్కొక్క యాంటెన్నా పట్టుకుని తిప్పి, ఎనిమిదీ ఊడదీశాను. అప్పుడు కుదురుగా ఒక్క దీపం వెలిగించుకుని ఊరుకుంది. చేతులు తీసేశాక గాని దానికి మర్యాద తెలియలేదు.

పన్నెండింటికి వనజాక్షి వచ్చింది. ఇద్దరు మోసుకొచ్చారు. నాలుగు కిలోల పైగా నీరుంది. పెదాలు నల్లబడ్డాయి. సూదులు గుచ్చి యంత్రం వేశాను.

ఒంటిగంటా పదిహేను. పక్క తెప్పల నుంచి వేలం అరుపులు మొదలయ్యాయి. ఒంటిగంటా నలభై. గాలి తిరిగింది, గొలుసు కిర్రుమంది, గది మొత్తం నెమ్మదిగా ఇంకో దిక్కుకి తిరిగింది. నేను తెర మీంచి కళ్ళు తీయలేదు. యంత్రం అడిగింది, కేంద్రం ఊఁ అంది. అడిగింది, ఊఁ అంది. రెండుంపావుకి ఒకసారి రైలుగట్టు పోయింది. ఏడు సెకన్లు. ఉప్పుదిబ్బ అందుకుంది. అది మధ్యాహ్నపు రద్దీలో ఈడుస్తూనే ఉన్నా, మా యంత్రం అడిగే ఒక్క ముక్కని మోసింది.

నాలుగు గంటలు పూర్తయ్యాయి. రెండు వారాల్లో ఇదే మొదటిసారి. తూకం మీద మూడుసార్లు చూశాను. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు దిగింది.

"వొదినా, ఆకలేత్తంది" అంది వనజాక్షి.

నేను గుమ్మం అవతలికెళ్ళి కాసేపు నీళ్ళ వైపు చూసి వచ్చాను. కళ్ళలో ఏదో పడింది. అది రాయాల్సిన సంఘటన కాదు.

నమోదు 8. నాలుగు వారాల తర్వాత, గురువారం

యంత్రం ఒక్కసారి కూడా ఆగలేదు కాబట్టి ఇన్నాళ్ళూ ఇందులో రాయలేదు. ఈరోజు రాయాల్సి వచ్చింది.

ఛైర్మన్ గారు వచ్చి చూసి వెళ్ళారు. బీరువాని దూరం నుంచే చూశారు. ఎనిమిది యాంటెన్నాలనీ ఆ పూటకి మళ్ళీ బిగించి పెట్టాను, ఉత్త అలంకారానికి. ప్రెసిడెంటు గారు ఆయనతో, "కొత్త పరికరం కదండీ, కుదురుకోవడానికి పది రోజులు పట్టింది. ఇప్పుడు రాయిలా ఉంది" అన్నారు. నేను పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను. రోగులు బతుకుతున్నారు, ఆయన సంబరం ఆయన్ని పడనీ అనుకున్నాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను కూడా.

ఈ పొద్దున ఏడో తెప్పలవాడ నుంచి రెహానా ఫోను చేసింది. నాలాగే డయాలసిస్ చేసే అమ్మాయి. ఆమెకి ఆరుగురు రోగులు.

"అక్కా, మీ అష్టభుజి భలే పనిచేస్తోందంట కదా. మీ వాడని చూపించి మిగతా పన్నెండు వాడలకీ అదే తెప్పిస్తున్నారు. మాకు సోమవారం బిగిస్తారంట. పాతది తీసి ఇచ్చెయ్యమన్నారు. ఇచ్చెయ్యనా?"

నేను బీరువా వైపు చూశాను.

"అక్కా? లైను పోయిందా?"

"లైను పోలేదు" అన్నాను.

పన్నెండు వాడలు. ఒక్కోదాంట్లో నలుగురో ఆరుగురో. అందరి గదులకీ జింకు రేకులే, అందరి తెప్పలకీ ఒక్కటే గొలుసు. ప్రెసిడెంటు గారు చెప్పిన అబద్ధం ఆయనకి అబద్ధమని తెలియదు. దాన్ని నిజంలా నిలబెట్టింది నేను, యాంటెన్నాలు తిరిగి బిగించిన ఈ చేత్తో. ఆయన్ని ఇన్ని రోజులు తక్కువగా చూశాను. ఆయన తెలియక చేస్తున్నారు. నేను తెలిసి చేశాను.

రెహానాకి మొత్తం చెప్పాను. పాతది ఇవ్వొద్దన్నాను.

"కాయితం మీద ఎవరన్నా ఇది రాస్తేనే నేను ఆపగలను అక్కా. నా మాటెవరు వింటారు?" అంది.

అందుకే ఇది రాస్తున్నాను. జలమండలి వారికి తెలియజేయునది: మూడో తెప్పలవాడ వైద్య తెప్పలో అష్టభుజి పనిచేయడం లేదు. నాలుగు వారాలుగా పనిచేస్తున్నది వెదురు గడ మీది రెండు పాత రౌటర్లు. కలిపింది నేను. ఈ పేజీ నకలు పన్నెండు వాడలకీ పంపుతున్నాను.

నమోదు 9. శుక్రవారం

ఇన్నాళ్ళూ ఒక్క పేజీ చదవని మండలి ఈ పేజీని ఒక్క రోజులో చదివింది. మధ్యాహ్నం రెండింటికి తనిఖీ అధికారి వామనరావు గారు మోటారు పడవలో దిగారు. వెంట ప్రెసిడెంటు గారు. ఆయన నా మొహం చూడలేదు.

వామనరావు గారు కప్పు మీది గడ చూశారు, బీరువా చూశారు, నిబంధన చదివారు. అనధికార పరికరాన్ని తక్షణం తొలగించాలి. "నువ్వు తీస్తావా, నేను తియ్యాలా?" అన్నారు.

"నేను తియ్యనండీ" అన్నాను.

ఆయన వంగి అష్టభుజి వెనక వైరు పట్టుకున్నారు. అప్పుడు కుర్చీలోంచి వనజాక్షి పలికింది. ఆమె ఎడమ చేతిలో రెండు సూదులున్నాయి, గొట్టాల్లో నెత్తురు తిరుగుతోంది.

"తీయండి సార్. కానీ ఇటు తిరిగి తీయండి. నా మొహం సూత్తా తీయండి."

ఆయన తిరిగారు. వైరు చేతిలోనే ఉంది.

"నాకింకా రెండు గంటలుంది. మీరది లాగితే మూడు నిమిషాలు. అంకెలు ఆ తెర మీద పడతాయి. ప్రెసిడెంటు గారికి తెలుసు, ఆయనోసారి సూశారు. అడగండి."

వామనరావు గారు ప్రెసిడెంటు గారి వైపు చూశారు. విశ్వపతి గారు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. ఆయన దగ్గర ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉంటుందని నేను అనుకున్నాను. "వైరు వదలండి సార్" అన్నారు. "ఆ రోజు బొత్తాం నొక్కింది నేనే."

అధికారి వైరు వదిలి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రెండు గంటలూ కూర్చున్నారు. వేలం విన్నారు, గాలి తిరగడం చూశారు, తెప్ప ఊగితే కుర్చీ చేతులు పట్టుకున్నారు. వనజాక్షి పని పూర్తయ్యాక పెన్ను తీసి, "తొలగించడమైనది" అని రాశారు.

"తొలగించలేదు కదండీ!" అన్నాను.

"అమ్మా, నీకు మంచే చేస్తున్నాను. ఇలా రాస్తే నీ ఉద్యోగం ఉంటుంది, నీ గడా ఉంటుంది."

"సోమవారం రెహానా దగ్గర ఏదుంటుంది?"

ఆయన పెన్నుకి మూత పెట్టబోయారు. నేను ఆయన కాగితం మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాను. అంత దగ్గరగా చూస్తే భయపడిన మనిషి మొహం అది. దుర్మార్గుడిది కాదు. నాకు అదే ఎక్కువ చిరాకు కలిగించింది. దుర్మార్గుడైతే తిట్టి పంపేదాన్ని.

చివరికి ఆ ముక్క కొట్టేసి, "తొలగించలేదు. తొలగిస్తే రోగుల ప్రాణానికి ముప్పు. స్వయంగా చూశాను" అని రాసి సంతకం పెట్టారు. ప్రెసిడెంటు గారు, ఎవరూ అడగకుండానే, దాని కింద తన సంతకమూ పెట్టారు.

నమోదు 10. బుధవారం

పన్నెండు అష్టభుజులనీ "పునఃపరిశీలన నిమిత్తం" గట్టు మీది గిడ్డంగిలో నిలిపివేశారు. లాజరు బాబాయి నీళ్ళ పడవ ఈ వారం రెండు రోజులు ఆలస్యమైంది. ఏ వాడకెళితే ఆ వాడలో ఆయన్ని కప్పెక్కించి గడ కట్టించుకుంటున్నారు. రెహానా ఆరుగురిలో ఐదుగురికి పూర్తి నాలుగు గంటలు నడిచాయట. ఆరో ఆయన సూది చూసి పారిపోతే మళ్ళీ పట్టుకొచ్చారట. దానికి రౌటరు ఏమీ చేయలేదు.

వామనరావు గారికి బదిలీ అయిందని విన్నాను. ఎక్కడికో కనుక్కోవాలి.

ఈ పొద్దున పదిన్నరకి నా సస్పెన్షను ఉత్తర్వు వచ్చింది. పదకొండు పేజీలు, మూడు అనుబంధాలు, ఒక ముద్ర. ప్రత్యామ్నాయ సిబ్బంది చేరిన నాటి నుంచి అమలులోకి వస్తుందట. నీళ్ళ మీదికి వచ్చి ఈ పని చేసే ప్రత్యామ్నాయ సిబ్బందిని మండలి పుట్టించి, పెంచి, చదివించి పంపాలి. అనధికార పరికరం వాడినందుకు ఇచ్చిన ఆ ఉత్తర్వు ఆ పరికరం ద్వారానే వచ్చింది. పదకొండు పేజీల్లో ఒక్క అక్షరం కూడా తెగిపోలేదు.

అందినట్టు వెంటనే సంతకం చేసి పంపమన్నారు. చేతులకి గ్లౌజులున్నాయి. వనజాక్షి స్లీవు మడిచి, చేయి చాపి కూర్చుంది. ఆ సంతకం సాయంత్రం చూసుకుందాం.